కరికాల చోళుణ్ణి తెలుసుకోవడానికి దేనిని ఎంచుకోవాలి: సంగం పద్యాలా, శిలప్పదికారమా, శాసనాలా, కావేరి మీది కల్లణై కట్టా?

కరికాల చోళుడు ఎవరని అడిగితే వచ్చే సమాధానం, అడిగినవారు ఏ ఆధారాన్ని ముందు పెట్టుకున్నారన్న దానిని బట్టి మారిపోతుంది. వెణ్ణి రణరంగంలో చేర, పాండ్య రాజులను ఒక్కసారే ఓడించిన యువకుడు ఒకడు. ఓడలు వచ్చి పోయే కావేరీపట్టణానికి (నేటి పూంపుహార్) ఏలిక ఒకడు. హిమాలయ శిఖరం మీద పులి ముద్ర వేయించి వెనుదిరిగిన దిగ్విజేత ఇంకొకడు. త్రిలోచనుడనే పల్లవ రాజు మూడో కంటిని కాలితో పోగొట్టి, లొంగిన రాజులందరి చేతా కావేరికి గట్లు పోయించినవాడు మరొకడు. ఈ నలుగురినీ కలిపి ఒకే కథగా చెప్పే పద్ధతి మనకు బాగా అలవాటైంది. అలా కలిపేసరికి ఏ మాట ఎప్పటిదో, ఎవరు ఎందుకు చెప్పారో తెలియకుండా పోతుంది. అందుకే ఏ అవసరానికి ఏ ఆధారం పనికివస్తుందో విడివిడిగా చూడడం మేలు.

ముందుగా ఒక చిన్న హెచ్చరిక. ఇటీవల వెండితెర మీద తెలుగువారు కూడా చూసిన ఆదిత్య కరికాలుడు ఈయన కాడు. అతడు 10వ శతాబ్దపు చోళ యువరాజు, రాజరాజ చోళునికి అన్న. ఇక్కడ చెప్పుకుంటున్న కరికాలుడు ఇళంజేట్చెన్ని కుమారుడు, సంగం కాలపు, అంటే తొలినాటి తమిళ కవిత్వ యుగపు చోళులలో ప్రసిద్ధుడు, సాధారణంగా క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందినవాడని చరిత్రకారులు లెక్క కడతారు. ఆ లెక్కకు మూలం కూడా పరోక్షమైనదే. శిలప్పదికారం అనే తమిళ కావ్యంలో చేర రాజు చెంగుట్టువనుని సమకాలికుడిగా కనిపించే సింహళ రాజు గజబాహువును, 2వ శతాబ్దంలో లంకను ఏలిన గజబాహువుతో ఒకటిగా భావించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ వస్తారు. కనుక కరికాలుని గురించి ఫలానా సంవత్సరంలో పట్టాభిషేకం, ఫలానా సంవత్సరంలో మరణం అని రాసిన వ్యాసం కనబడితే, దానిని పక్కన పెట్టడానికి ఆ ఒక్క కారణమే చాలు.

రెండు పెద్ద పాటలలో ఏది ముందు?

కాలంలో కరికాలునికి అతి దగ్గరగా ఉన్నవి సంగం పద్యాలే. వాటిలో దీర్ఘమైనవి రెండు, రెండూ పత్తుప్పాట్టు అనే పది పాటల సంకలనంలోనివి. ఒకటి ముడత్తామక్కణ్ణియార్ రాసిన పొరునరాట్రుప్పడై, 248 పంక్తులు. రెండోది కడియలూర్ ఉరుత్తిరంగణ్ణనార్ రాసిన పట్టినప్పాలై, 301 పంక్తులు. మొదలుపెట్టేవారు ఎక్కువగా పట్టినప్పాలైనే ఎంచుకుంటారు, ఎందుకంటే పాఠ్యపుస్తకాలలో, పర్యాటక వ్యాసాలలో ఉదాహరించేది ఆ పాటనే. నా సలహా మాత్రం పొరునరాట్రుప్పడైతో మొదలుపెట్టమనే.

అందుకు కారణం ఉంది. పొరునరాట్రుప్పడైలో రాజు మనకు మనిషిగా కనిపిస్తాడు. కరికాలుని దగ్గర బహుమతులు పొంది తిరిగి వస్తున్న ఒక కళాకారుడు, దారిలో ఎదురైన మరో పేద కళాకారునికి అతని దగ్గరకు వెళ్ళమని చెప్పడమే ఈ పాట అంతా. చెప్పేవాడు తన అనుభవాన్ని దాపరికం లేకుండా చెబుతాడు. రాజు వాకిట్లోకి వెళ్ళేనాటికి అతని ఒంటి మీద ఉన్నది చెమటకు తడిసి, పేలు కాపురం ఉన్న, వేరే దారంతో అతుకులు వేసిన చింకిగుడ్డ. దానిని తీసివేయించి రాజు ఇచ్చిన బట్ట, నేత చూపుకు అందనంత సన్ననిది, పూలు అద్దినది, పాము కుబుసం లాంటిది. ఆ తరువాత భోజనాలు. పగలూ రాత్రీ మాంసం తిని తిని, మెట్టచేను దున్నిన నాగటి కర్రులా తన పళ్ళు అరిగిపోయాయని ఆ కళాకారుడు చెప్పుకుంటాడు. ఆస్థాన కవులు ఉపమానాల కోసం సాధారణంగా ఆకాశం వైపు చూస్తారు, ఇతడు చేను వైపు చూశాడు. ఇక సెలవు పుచ్చుకునే వేళ రాజు తెల్లని గుర్రాలు నాలుగు పూన్చిన రథం ఇచ్చి, తాను ఏడడుగులు వెంట నడిచి సాగనంపుతాడు.

రాజకీయ సమాచారం కావలసినవారికి కూడా ఈ పాట సరిపోతుంది. కరికాలుడు తల్లి గర్భంలో ఉండగానే రాజ్యహక్కు పొందాడని, తొలి వేటలోనే ఏనుగును కూల్చిన సింహపు కూనలా వెణ్ణిలో విజృంభించాడని, తాటి ఆకుల మాల ధరించిన చేరుడూ వేప రెమ్మల మాల ధరించిన పాండ్యుడూ ఒకే రణరంగంలో నేలకు ఒరిగారని ఇందులో ఉంది. వెణ్ణి అంటే తంజావూరుకు తూర్పున ఉన్న నేటి కోయిల్ వెణ్ణి. కరికాలుని రాజ్యానికి గట్టి పునాది వేసిన యుద్ధం ఇదే కనుక, అతని జీవితంలో ఒక్క సంఘటననే తెలుసుకోదలచిన వారు దీనిని తెలుసుకుంటే చాలు. పాట చివర వేలి అనే కొలత విస్తీర్ణానికి వేయి కొలతల ధాన్యం పండే కావేరి నేల వర్ణన వస్తుంది. అయితే కావేరికి కరికాలుడు కరకట్ట పోయించాడన్న స్పష్టమైన మాట ఇందులో లేదు, ఇతర సంగం పద్యాలలోనూ లేదు. ఇది గుర్తుంచుకోదగిన విషయం, మళ్ళీ దీని దగ్గరకు రావలసి ఉంటుంది.

పట్టినప్పాలైని ఎంచుకోవలసినది రాజు కోసం కాదు, నగరం కోసం. నిజానికి ఇది ప్రేమకవిత. కావేరీపట్టణమంతటి పట్నం నాకు దక్కినా సరే, నా ప్రియురాలిని విడిచి రాను అని నాయకుడు తన మనసుకు చెప్పుకుంటాడు. చోళ రాజు తిరుమావళవన్ శత్రువుల మీద ఎత్తిన ఈటె కన్నా నేను దాటవలసిన అడవి వేడైనది, అతని రాజదండం కన్నా ఆమె భుజాలు చల్లనివి అన్నది ముగింపు. ఈ రెండు వాక్యాల మధ్య ఇమిడిన సమాచారం మాత్రం ఆర్థిక చరిత్ర చదివేవారికి పెద్ద నిధి. సముద్రం మీద వచ్చిన గుర్రాలు, బళ్ళ మీద వచ్చిన మిరియాల బస్తాలు, ఉత్తరపు కొండల బంగారం, మణులు, పడమటి కొండల గంధం, అగరు, దక్షిణ సముద్రపు ముత్యాలు, తూర్పు సముద్రపు పగడాలు, గంగానది సరుకు, కావేరి పంట, ఈళం (శ్రీలంక) నుంచి తిండి పదార్థాలు, ఇవన్నీ రేవు వీధుల్లో కుప్పలు పోసి ఉంటాయి. సుంకం అధికారులు మూటల మీద పులి ముద్ర వేసి బయటికి పంపుతారు. కొనేటప్పుడు ఎక్కువ తీసుకోని, అమ్మేటప్పుడు తక్కువ ఇవ్వని వర్తకుల వీధి ఒకటి. ఇది కవి కల్పన మాత్రమే కాదని, పూంపుహార్ సమీపంలోని కీళైయూరు తవ్వకాలలో బయటపడిన ఇటుకల రేవుకట్ట చూసినవారు ఒప్పుకుంటారు.

ఈ పాటలో రాజు భాగం చిన్నది, కాని ఘాటైనది. బోనులో పెరిగిన పులికూనలా శత్రువుల చెరలో పెరిగి, గుంట గట్టును కొమ్ములతో తవ్వి బయటపడిన ఏనుగులా తప్పించుకుని, తన హక్కును తాను దక్కించుకున్నాడు. పొరునరాట్రుప్పడైలో గర్భం నుంచే హక్కు, ఇక్కడ చెర నుంచి హక్కు. రెండూ ఒకదానికొకటి విరుద్ధం కానక్కరలేదు. వారసత్వం ఉన్నా దాయాదుల పోరు తప్పలేదని అర్థం చేసుకోవచ్చు. అటు తరువాత జయించిన ప్రాంతాలు, పాడైపోయిన శత్రుపట్టణాలు వస్తాయి. అడవి కొట్టి ఊళ్ళు వేయడం, చెరువులు తవ్వి సంపద పెంచడం, చోళుల రాజధాని ఉరైయూరును మేడలతో విస్తరించడం కూడా ఇక్కడే ఉన్నాయి. నీటిపారుదలకు సంబంధించి కరికాలుని గురించి సమీపకాలపు సాక్ష్యం అంటూ అడిగితే చూపగలిగినది ఈ చెరువుల మాటే.

ఒక సంగతిలో మాత్రం పట్టినప్పాలై పాఠకుడు జాగ్రత్తగా ఉండాలి. పాటలో కనిపించే పేరు తిరుమావళవన్. అతడు కరికాలుడే అన్నది పాట కింద సంకలనకర్తలు చేర్చిన గమనిక, దాన్ని ఆధారం చేసుకున్న సంప్రదాయం. పండితులలో అత్యధికులు దీనిని అంగీకరించారు, నేనూ అంగీకరిస్తాను, కాని అంగీకరిస్తున్నామన్న స్పృహ ఉండాలి. ఇక ఈ పాటకు కవికి 16 లక్షల బంగారు నాణేలు ముట్టాయన్న మాట ఉంది. అది చాలా శతాబ్దాల తరువాత, వేంగి నుంచి వెళ్ళి చోళ సింహాసనం ఎక్కిన మొదటి కులోత్తుంగుని కళింగ విజయాన్ని పాడిన కళింగత్తుప్పరణిలోనిది. బహుమానం ఎంతైనా కావచ్చు, ఆ అంకెను మాత్రం చరిత్రగా తీసుకోకూడదు.

చిన్న పద్యాల పెద్ద బలం

సమయం లేనివారు, రెండు పెద్ద పాటలూ చదవలేనివారు పురనానూరు అనే సంగం సంకలనంలోని నాలుగు పద్యాలను ఎంచుకుంటే నష్టపోరు. నిజానికి ఒక్కదానినే ఎంచుకోమంటే నేను అన్నింటికన్నా ముందు పెట్టేది 66వ పద్యాన్నే. వెణ్ణిక్కుయత్తియార్ అనే కవయిత్రి రాసింది, ఆమె వెణ్ణి ఊరి కుమ్మరి స్త్రీ అని సంప్రదాయం. యుద్ధంలో కరికాలుని ఆయుధం చేర రాజు పెరుంజేరలాదన్ వెన్నులోకి దిగింది. వెన్ను మీద గాయం వీరునికి అవమానం కనుక అతడు ఉత్తరం వైపు తిరిగి కూర్చుని, అన్నం మాని ప్రాణం విడిచాడు. కవయిత్రి గెలిచిన రాజును ఎదుట పెట్టుకుని, సముద్రం మీద గాలిని లొంగదీసుకుని ఓడ నడిపిన పూర్వీకుల వారసుడవని అతణ్ణి పొగిడి, ఆ వెంటనే ఒక ప్రశ్న వేస్తుంది: గెలిచినవాడివి నువ్వే, కాని సిగ్గుపడి ఉత్తరముఖంగా కూర్చుని లోకంలో కీర్తి పొందినవాడు నీకంటే గొప్పవాడు కాడా? జయించిన రాజు ముఖం మీద ఈ మాట అనగలిగిన సమాజం ఎలాంటిదో ఆలోచించుకోవడానికి ఈ పద్యం ఇచ్చే చోటు ఏ దిగ్విజయ వర్ణనా ఇవ్వదు. ఓడిన చేరుని పక్షం నుంచి కళాత్తలైయార్ రాసిన 65వ పద్యాన్ని దీనితో కలిపి చదవాలి.

కరుంగుళల్ ఆదనార్ రాసిన 7, 224 పద్యాలు మరో జత. 7వ పద్యంలో కరికాలుడు రాత్రి పగలు చూడక శత్రువుల ఊళ్ళు తగలబెడుతున్నాడు, ఆ మంటల వెలుగులో జనం ఏడుపులు వినిపిస్తున్నాయి. 224వది అదే కవి ఆ రాజు చనిపోయాక రాసినది. పశువుల కాపరులు పూలు, కొమ్మలు నరికేసిన వేంగై చెట్లలా అంతఃపుర స్త్రీలు నగలు తీసేశారని అందులో ఉంది. వైదిక యాగం చేసిన రాజుగా కూడా కరికాలుడు అక్కడ కనిపిస్తాడు.

అకనానూరు అనే సంగం ప్రేమకవితల సంకలనంలోని పద్యాలలో రాజు పక్కదారిలో కనిపిస్తాడు, ప్రేమకథల్లో ఉపమానంగా. అయినా యుద్ధాల జాబితా కావలసినవారికి ఇవి తప్పవు. పరణర్ రాసిన 246వ పద్యంలో వెణ్ణిలో రాజులతో పాటు 11 మంది వేళిర్ నాయకులు ఓడిపోయారు. అదే కవి 125వ పద్యంలో వాకై రణరంగంలో 9 మంది రాజులు పట్టపగలు తమ గొడుగులు పోగొట్టుకున్నారు. ఇవి పెద్ద సామ్రాజ్యపు యుద్ధాలు కావని, కావేరి దిగువ మైదానం చుట్టూ ఉన్న నాయకులతో జరిగిన పోరాటాలని ఈ అంకెలే చెబుతాయి.

శిలప్పదికారంలో ఏమి పెరిగింది?

కథ కోసం చదివేవారికి శిలప్పదికారం హాయి. ఇంద్రోత్సవం వర్ణించే ఐదో అధ్యాయంలో, తన నేల మీద ఎదురు నిలిచేవాడు లేక యుద్ధకాంక్షతో ఉత్తరానికి వెళ్ళిన తిరుమావళవన్ హిమాలయం అడ్డు వచ్చిందని దాని మీద పులి ముద్ర వేసి తిరిగి వస్తాడు. వచ్చే దారిలో వజ్ర దేశపు రాజు ముత్యాల పందిరి, మగధ రాజు వాదసభామండపం, అవంతి రాజు తోరణద్వారం ఇస్తారు. సంగం పద్యాలలో ఇంత దూరపు దండయాత్ర జాడ లేదు. కనుక దీనిని చరిత్రగా కాక, కావ్యం రాసిన కాలానికి కరికాలుని పేరు ఎంత ఎత్తుకు పెరిగిందో చూపే కొలబద్దగా చదవాలి.

ఈ పెరుగుదలను దగ్గరగా చూడాలంటే ఆదిమంది కథ తీసుకోండి. అకనానూరు 376లో కళార్ రేవులో నీటి పండుగ, కరికాలుడు చూస్తుండగా నాట్యమాడుతున్న అట్టనత్తిని, ఆదిమంది వలచినవాణ్ణి, కావేరి లాక్కుపోతుంది. 222లో అతని కోసం ఆదిమంది దిక్కులన్నీ వెతుకుతూ తిరుగుతుంది, మరుది అనే స్త్రీ అతణ్ణి చూపించి తాను సముద్రంలో కలిసిపోతుంది. శిలప్పదికారానికి వచ్చేసరికి ఆదిమంది కరికాలుని కూతురు, కొట్టుకుపోయినవాడు చేర దేశపు వంజి నగరాధిపతి, సముద్రమే అతణ్ణి తెచ్చి ఆమె ముందు నిలబెడుతుంది, మరుది ఊసే లేదు. పండుగలో చూస్తూ కూర్చున్న రాజు మామగారయ్యాడు. ఏ ఆధారంలో ఏది కలిసిందో పోల్చి చూడడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు.

శాసనాలు: ఇక్కడ తెలుగువారి పాత్ర పెద్దది

కావేరి కరకట్టల కరికాలుడు స్పష్టంగా కనిపించేది శాసనాలలోనే, వాటిలోనూ తొలిగా మన నేల మీద. కడప జిల్లా మాలెపాడు తామ్రశాసనంలో రేనాటి చోళుడు పుణ్యకుమారుడు, కావేరి పొంగును అదుపు చేసిన కరికాలుని వంశంలో పుట్టినవాడిగా చెప్పుకున్నాడు. కలమళ్ళలో క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనం వేయించిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని వంశమే ఇది. తరువాతి తెలుగు చోడుల శాసనాలలో ఈ మాట ఒక స్థిరమైన ప్రశస్తిగా మారింది: చరణ సరోరుహ విహత విలోచన త్రిలోచన ప్రముఖాఖిల పృథివీశ్వర కారిత కావేరీ తీర. త్రిలోచనుడు మొదలైన రాజులందరి చేతా కావేరికి గట్లు పోయించిన కరికాలుడన్నమాట. కాకతీయుల శాసనాలలో కొన్ని కూడా తమ మూలపురుషుడైన దుర్జయుణ్ణి కరికాలుని సంతతిగా చూపాయి. తంజావూరు చోళుల వైపు చూస్తే, 11వ శతాబ్దపు తొలినాళ్ళ తిరువాలంగాడు తామ్రశాసనం కరికాలుడు కాంచీనగరాన్ని బంగారంతో కొత్తగా తీర్చాడని, కావేరికి గట్లు కట్టించాడని అంటుంది. కాంచీ మాట విషయంలో పట్టినప్పాలై కవి రాసినదే మరో పాట, పెరుంపాణాట్రుప్పడై, మనకు అడ్డు వస్తుంది. అందులో కాంచీపురాన్ని ఏలేవాడు తొండైమాన్ ఇళందిరైయన్.

శాసనాలను ఎంచుకునేవారు ఒక తేడా గుర్తించాలి. ఇవి కరికాలునికి కనీసం అయిదారు వందల ఏళ్ళ తరువాతివి. ఆయన ఏమి చేశాడని అడిగితే ఇవి బలహీనమైన సాక్షులు. రాయలసీమలో ఒక చిన్న రాజవంశం తన గౌరవాన్ని దేని మీద నిలబెట్టుకుందని అడిగితే మాత్రం వీటిని మించినవి లేవు. త్రిలోచన పల్లవుని కథను కరికాలుని జీవిత చరిత్రలో పెట్టి చదివితే అది అసంబద్ధం, తెలుగు చోడుల ఆత్మగౌరవ చరిత్రలో పెట్టి చదివితే విలువైనది. తెలుగు ఆధారాలతో పరిశోధన చేయదలచిన విద్యార్థికి నా సలహా, కరికాలుణ్ణి కాక కరికాలుని జ్ఞాపకాన్ని విషయంగా తీసుకోమని. ఆ పనికి కడప, నెల్లూరు శాసనాలు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి.

కల్లణై చూస్తే సరిపోతుందా?

తిరుచిరాపల్లికి కొద్ది దూరంలో కావేరి మీద ఉన్న కల్లణై, సుమారు 329 మీటర్ల పొడవున మెలికలు తిరిగి సాగే రాతి కట్ట. సంప్రదాయం దీనిని కరికాలునిదే అంటుంది. అది నిజమని నిరూపించే శాసనం అక్కడ లేదు, కాని ఇసుక మీద రాళ్ళు దింపి, నీరు కోసుకుపోయినప్పుడల్లా అవి మరింత లోతుకు కూరుకునేలా కట్టిన పద్ధతి ప్రాచీనమైనది. 19వ శతాబ్దంలో ఇక్కడ పనిచేసిన ఆర్థర్ కాటన్, లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఈ కట్ట నుంచే నేర్చుకున్నామని ఒప్పుకున్నాడు. ఆ పాఠంతోనే కావేరి పాయ అయిన కొళ్ళిడం మీద ఎగువ ఆనకట్ట, ఆ తరువాత 1847 నుంచి 1852 వరకు మన ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాయి. గోదావరి డెల్టా రైతుకు కావేరి కట్టతో ఉన్న సంబంధం ఇదే, ప్రశస్తులలోని వంశవృక్షం కన్నా ఇది గట్టిది.

అయితే నేడు కల్లణై మీద నిలబడి చూసేవారికి ముందుగా కనిపించేవి బ్రిటిష్ కాలంలో చేర్చిన తూములు, తలుపులు, వంతెన. పాత కట్ట వాటి కింద ఉంది. కనుక చదవకుండా చూడడానికి వెళితే అక్కడ దొరికేది ఒక మంచి విహారస్థలం మాత్రమే. కుటుంబంతో వెళ్ళేవారికి అది చాలు. చరిత్ర కోసం వెళ్ళేవారు కోయిల్ వెణ్ణినీ పూంపుహార్‌నూ కలిపి కావేరి వెంట దిగువకు ప్రయాణం వేసుకోవాలి. ఒక్కటే చోటుకు వీలైతే పూంపుహార్ వైపు మొగ్గడం మంచిది, చేతిలో పట్టినప్పాలై ఉన్నంత వరకు.

ఆధారాల వరుస విషయంలో నా ఎంపిక ఇదీ. మొదట పురనానూరు 65, 66. తరువాత పొరునరాట్రుప్పడై మొత్తం. ఆపై పట్టినప్పాలైలో రేవు వర్ణన, చివరి 80 పంక్తులు. శిలప్పదికారం ఐదో అధ్యాయం, ఆ పైన శాసనాలు. పాఠశాల పిల్లలకు చెప్పవలసివస్తే వరుస తిరగేయవచ్చు, కల్లణైతో మొదలుపెట్టి వెణ్ణికి రావచ్చు. పోటీ పరీక్షలకు చదివేవారికి వెణ్ణి, వాకై, కావేరీపట్టణం, రెండు పాటల కవుల పేర్లు, తిరువాలంగాడు తెలిస్తే చాలు. తమిళం రానివారు ఆంగ్లానువాదాలనైనా ఆశ్రయించవచ్చు, పురనానూరు మొత్తానికి జార్జ్ హార్ట్, హాంక్ హైఫెట్జ్ చేసినది 1999లో వచ్చింది. ఏ అనువాదం తీసుకున్నా, పద్యం కింద ఉండే కవి పేరు, రాజు పేరు, సందర్భం చెప్పే చిన్న గమనికను పద్యంలోని మాటగా కాక, సంకలనకర్త మాటగా విడదీసి చదవాలి.